కట్లక్క తిట్టిన పుస్తకాలు

రోజూ పొద్దున ఆస్పత్రిలో డ్రెస్సింగు గది తలుపు తీయగానే ఆమె చేసే మొదటి పని చేతులు వెచ్చబెట్టుకోవడం. కిటికీ పక్కనున్న పొయ్యి మీద నీళ్ళు కాచి, స్టీలు గిన్నెలో పోసి, దాని చుట్టూ రెండు అరచేతులూ ఆనించి కళ్ళు మూసుకునేది. పుండు దగ్గర చల్లటి చెయ్యి తగిలితే మనిషి ముందే బిగుసుకుపోతాడని ఆమెకు తెలుసు. ఆ కాసేపట్లోనే దేవుడికి దండం కూడా అయిపోయేది. "నాయనా, ఇవాళ నా చేతుల కింద ఎవరూ గట్టిగా ఏడవకుండా చూడు." అంతకుమించి ఆమె ఆయన్ని ఏమీ అడిగేది కాదు. అడిగిన ఆ కాస్తా ఆయన రోజూ ఇచ్చేవాడని కూడా చెప్పలేం. ఎవరో ఒకరు ఏడుస్తూనే ఉండేవారు. మర్నాడు మళ్ళీ అదే గిన్నె, అదే దండం.

ఆస్పత్రిలో అందరూ ఆమెను కట్లక్క అనేవారు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి మెట్లు తుడిచే మనిషి దాకా అదే పిలుపు. కాలిన పుండ్లకు రోజూ పాత కట్టు విప్పి, కడిగి, మందు రాసి, కొత్త కట్టు కట్టడం ఆమె ఉద్యోగం. చూసేవాళ్ళకది గుడ్డ చుట్టే పనిలాగే కనిపిస్తుంది. అయితే కాలిన పుండుకి లోపలి పొర గుడ్డ మాంసాన్ని కరుచుకుని ఉంటుంది. ఎంత సెలైన్ పోసి నానబెట్టినా చివరికి దాన్ని లాగక తప్పని క్షణం ఒకటి వస్తుంది. ఆ క్షణాన్ని దాటించడానికి కట్లక్క దగ్గరున్న మందల్లా కథే.

"ఒక దొంగ ఒకరింట్లో దూరాడు నాయనా. ఇల్లంతా చీకటి. తడుముకుంటూ పోతుంటే మంచం మీంచి ముసలమ్మ గొంతు వినిపించింది. 'వచ్చావా? ఇంత ఆలస్యమా? ముందు ఆ కుండలో నీళ్ళు ముంచి ఇలా తే' అంది..." అనేసరికి పేషెంటు ఊపిరి బిగబట్టేవాడు. అక్కడే గుడ్డ ఊడి ట్రేలో పడేది. మిగతాది రేపు. ఒక లారీ డ్రైవరైతే మర్నాడు అందరికంటే ముందొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "అక్కా, నీళ్ళిచ్చాడా లేదా చెప్పు. నాకు తిండి సయించడంలేదు" అన్నాడు.

అలాంటి కట్లక్క కథ పనిచెయ్యని మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడ కట్లక్క సొంత వదిన.

వదిన బళ్ళో భాష చెప్పి రిటైరైన టీచరమ్మ. సెలవుల్లో కథలు రాయడం నేర్పే తరగతులు కూడా నడిపింది. ఇంట్లో ముందుగది గోడ నిండా పుస్తకాలే. అవన్నీ కథ ఎలా మొదలుపెట్టాలి, పాత్ర ఎలా పుట్టాలి, ఎక్కడ ఆపాలి అని చెప్పే పుస్తకాలు. "ఇంటినిండా వంటపుస్తకాలు పెట్టుకుని పొయ్యి వెలిగించని ఇల్లు అది" అని కట్లక్క చాటున అనేది. ఆ మాట వదిన చెవిన పడనే పడింది. అలాంటివి పడకుండా ఉండవు.

ఇద్దరికీ పడకపోవడం అంతకంటే పాత సంగతి. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు అన్నయ్య ఇంట్లో చుట్టాలంతా భోజనాలకి చేరారు. కట్లక్క పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథ చెబుతోంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. వదిన వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగింది. "మా ఆడపడుచు కథలకి తలుంది, తోకుంది. మధ్యలో పొట్టే లేదు, పాపం" అంది. పెద్దలు నవ్వారు. పిల్లలూ నవ్వారు. కట్లక్క మరిచిపోలేనిది ఆ పిల్లల నవ్వే. ఆనాటి నుంచి వాళ్ళిద్దరిదీ ఎడమొహం పెడమొహం. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని కూడా, "మీ చెల్లెలు కాఫీ తాగుతుందేమో అడగండి" అని ఆవిడ, "తాగి వచ్చానని మీ ఆవిడకి చెప్పన్నయ్యా" అని ఈమె. ఇద్దరి మాటలూ మోసి మోసి అన్నయ్య జుట్టు నెరిసిపోయింది.

ఆ వదిన కాలి మీద సలసల కాగే నీళ్ళ గిన్నె పడింది. మడమ నుంచి పిక్క దాకా కాలింది.

డాక్టరు అన్నయ్యను పక్కకి పిలిచి ఉన్నమాట చెప్పాడు. "షుగరుంది. గుండె బలహీనం. మత్తిచ్చి కడగడానికి వీల్లేదు. నొప్పి మాత్రలు కూడా కొంతవరకే. రోజూ శుభ్రంగా కడిగితే చర్మం దానంతటదే వస్తుంది. చీము పట్టిందంటే మాత్రం తొడ మీద చర్మం తీసి అతికించాలి. ఆ ఆపరేషన్‌కి ఈ గుండె తట్టుకుంటుందని నేను మాటివ్వలేను."

వదిన బల్ల మీద కాలు చాపుకుని, ఎదురుగా గ్లౌజులు తొడుక్కుంటున్న ఆడపడుచుని చూసి మొహం తిప్పుకుంది. "ఇంత పెద్ద ఆస్పత్రిలో ఇంకెవరూ లేరా?" అని భర్తను అడిగింది.

"కాలిన కేసులన్నీ చెల్లాయే చూస్తుందటే."

"మంచి చోటే చూసుకుంది. కాలినవాళ్ళయితే లేచి పారిపోలేరుగా, కథ వినాల్సిందే."

కట్లక్క పళ్ళు బిగించి పని మొదలుపెట్టింది. బిగించిన పళ్ళతో కథ రాదు కాబట్టి నోరు విప్పి, దొంగను ఇంట్లోకి దించింది. చీకటి, తడుముకోవడం, మంచం. అంతలో వదిన అందుకుంది. "ఇప్పుడు ఆ మంచం మీద ఎవరో ఉంటారు. దొంగను తన కొడుకనుకుంటారు. వాడికి మనసు కరుగుతుంది. కానివ్వు, కానివ్వు, తెలిసిందేగా... అమ్మో! వదులు! వదులు నా కాలు!"

కాలు వెనక్కి లాక్కుంది. లోపలి పొర సగం ఊడి సగం అలాగే ఉండిపోయింది. మర్నాడు రాజకుమారుడి కథ, ఆ మర్నాడు తప్పిపోయిన గేదె కథ. ఏ కథ ఎత్తుకున్నా వదిన దాని మలుపు దగ్గరికి ముందుగా వెళ్ళి కూర్చునేది. మనసు కథలోకి పోకపోతే నొప్పి కాలి మీదే ఉంటుంది. కట్టు రోజూ సగంలోనే ఆగిపోయేది. పుండు అంచున పచ్చటి జిగురు మొదలైంది. డాక్టరు వంగి వాసన చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

అన్నయ్య వరండాలో బెంచీ మీద కూలబడి, "నీ కథ ఒక్కటీ దానికి పట్టడంలేదా?" అని చెల్లెల్ని అడిగాడు. మెట్లు తుడిచే మనిషి అది చూసి, అడక్కుండానే ఒక గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆయన పక్కన పెట్టి వెళ్ళింది.

"ఆవిడకి కథ లోపలి దారులన్నీ తెలుసన్నయ్యా. నేనెటు తిరగబోతున్నానో నాకంటే ముందే పోయి ఎదురు నిలబడుతోంది."

"మరయితే ఆ దారులు ఉన్న పుస్తకాలే తెచ్చిపెట్టనా? వాటిలో ఏదైనా ఉపాయముంటుందేమో."

కట్లక్కకి ఒళ్ళు మండింది. ఆ పుస్తకాలు ముట్టుకోవడమంటే వదిన గడపకి తల వంచడమే. కానీ ఆ పచ్చటి జిగురు కళ్ళ ముందు ఆడింది. "తే" అంది.

అన్నయ్య గుడ్డసంచి నిండా మోసుకొచ్చాడు. కట్లక్క మధ్యాహ్నం అన్నం తినే విరామంలోనూ, సాయంత్రం ఇంటికెళ్ళాక కిటికీలో వెలుతురున్నంతసేపూ చదివింది. కంట్లో పొర కమ్ముతూ ఉండటంతో అక్షరాలు అలుక్కుపోయి కనిపించేవి. పుస్తకాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చదివేది. చదువుతున్నంతసేపూ దానితో పోట్లాడేది. ఆకుపచ్చ అట్ట పుస్తకం, మొదటి వాక్యంతోనే పాఠకుడి మెడ పట్టుకోవాలంది. "పట్టుకుని?" అని అడిగింది కట్లక్క. పుస్తకం చెప్పలేదు. లావుపాటి పుస్తకం నిండా గళ్ళూ బాణాలూ నిచ్చెనలూ ఉన్నాయి. ఇంకోటి, చెప్పేవాడు ఎక్కడా కనిపించకూడదంది. "నేను పక్కనుంటేనే కదయ్యా వాళ్ళకి ధైర్యం" అని పుస్తకాన్ని మూసి, దాని మీద చెంబు పెట్టింది. వినేవాడి కాలు తన ఒళ్ళో పెట్టుకుని కథ చెప్పినవాడు ఈ రాసినవాళ్ళలో ఒక్కడూ లేడని ఆమె కోపం. ఉపాయం మాత్రం ఎక్కడా దొరకలేదు.

మర్నాడు ఆ కోపంతోనే వచ్చింది. వదిన కట్టు తడుపుతూ కథ ఎత్తుకోవడం కూడా మరిచిపోయింది.

"వదినా, ఆ ఆకుపచ్చ అట్ట పుస్తకం రాసినవాడు పెళ్ళాం పిల్లలున్నవాడేనా?"

ఇన్నేళ్ళలో వదినతో ఆమె నేరుగా అన్న మొదటి మాట అది. ఇద్దరూ అది గమనించే స్థితిలో లేరు.

"ఏ ఆకుపచ్చ అట్ట?"

"మొదటి వాక్యంతో మెడ పట్టుకోవాలట. కథ చెబుతున్నాడా, కోడిని పడుతున్నాడా?"

"నా పుస్తకం నీ దగ్గరికెలా వచ్చింది?"

"నడిచి రాలేదులే. అన్నయ్య తెచ్చాడు."

"ఆయన పని ఇంటికెళ్ళాక చెబుతాను. అర్థంకాని పుస్తకం ముట్టుకోవడమెందుకు, దాన్ని ఆడిపోసుకోవడమెందుకు?"

"అర్థమయ్యే తిడుతున్నాను. అనవసరమైన మాట ఒక్కటి ఉండకూడదన్నాడు. మా దొంగ చొక్కాకి గుండీ ఊడిందని చెప్పకూడదా? గుండీ ఊడిన దొంగని చూస్తే ఎవరికైనా జాలేస్తుంది."

"ఆ గుండీ ఉంచుకోమనే చెబుతాడు! నువ్వు గుండీతో ఆగుతావా? ఆ చొక్కా కుట్టిన దర్జీ వస్తాడు. దర్జీ మేనమామ వస్తాడు. మేనమామ కొన్న మేక వస్తుంది. ఆ మేక మెడలో గంట ఎక్కడ కొన్నారో చెప్పేసరికి దొంగకి ముసలితనం వస్తుంది. ఎదుట పిల్లలు నిద్రపోయింది కూడా నీకు తెలియదు."

"నిద్రపోతే మంచిదే కదా?"

"జోల పాడేవాళ్ళకి మంచిది. కథ చెప్పేవాళ్ళకి సిగ్గుచేటు!"

కట్లక్కకి ఇంకా మండింది. ఆ మంటలో చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. తల దించి చూస్తే లోపలి పొర మొత్తం ట్రేలో ఉంది.

వదిన కూడా చూసింది. "తీసేశావా?"

"తీసేశాను."

"ఎప్పుడు?"

"మేక వచ్చినప్పుడు."

వదిన గోడకేసి తిరిగింది. ఆ రోజు పుండు మొదటిసారి అంచు నుంచి అంచు దాకా శుభ్రపడింది.

కథ పోగొట్టలేని నొప్పిని కయ్యం పోగొట్టింది. కట్లక్కకి సంగతి తెలిసిపోయింది. ఆ తరవాత ప్రతిరోజూ ఒక పుస్తకాన్ని చదివి, తిట్టదగ్గ పేజీ ఒకటి మనసులో ఉంచుకుని వచ్చేది. గళ్ళూ బాణాలూ ఉన్న పుస్తకాన్ని ఇల్లు కట్టే మేస్త్రీకి పంపిద్దామంది. వదిన అగ్గిమీద గుగ్గిలమైంది. "మేస్త్రీ లేకుండా కట్టిన ఇల్లు కాబట్టే నీ కథలో మనిషి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవడానికి పైకప్పు ఎక్కి దిగుతాడు" అంది. వరండాలో వంతు కోసం కూర్చున్నవాళ్ళు ఈ అరుపులకు మొదట బెదిరిపోయారు. తరవాత చెవులు రిక్కించారు. లారీ డ్రైవరు తన వంతు వదులుకుని మరీ టీచరమ్మను ముందుకి పంపేవాడు. "నొప్పి పాపం" అనేవాడు. నొప్పి మాటేమోగానీ, గోడకి చెవి ఆనించి కూర్చునేవాడు.

ఒకరోజు కట్లక్క, రోజూ రాయాలని చెప్పే పుస్తకం మీద పడింది.

"తెల్లవారకముందే లేవాలట. తలుపు వేసుకోవాలట. రాసుకున్నంతసేపూ ఎవరూ పలకరించకూడదట. బాగానే ఉంది. ఆ తలుపు బయట కాఫీ కలిపే మనిషి ఎవరో ఒక్క ముక్క రాయలేదు. ఏం వదినా, నువ్వూ తలుపు వేసుకునే..."

మాట పూర్తికాలేదు.

"నోర్ముయ్! ఎవరికి చెబుతున్నావు తలుపుల సంగతి? మీ ఇంట్లో నేను వేసుకోవడానికి తలుపెక్కడ ఏడ్చింది? వంటింటికి తలుపే లేదు. పడగ్గది తలుపుకి గడియ లేదు. ముందుగదిలో మీ అమ్మ మంచం, వరండాలో మీ నాన్న కుర్చీ. కాగితం ముందు పెట్టుకుంటే, కోడలు పుట్టింటికి చాడీలు రాస్తోందని మీ అమ్మ. రాయడానికి చోటు లేకే ఎలా రాయాలో చదువుకుంటూ కూర్చున్నాను. నువ్వేమో వచ్చి చాప మీద కూలబడి, నోటికొచ్చింది చెప్పేస్తావు. నా పిల్లలు నన్నొదిలి నీ చుట్టూ! నీకు కాగితమక్కర్లేదు, తలుపక్కర్లేదు. ఒళ్ళు మండదూ మనిషికి?"

కట్లక్క చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ నాటి భోజనాలూ, వడ్డిస్తూ ఆగిన వదినా, ఆ మాటా ఇప్పుడు ఇంకోలా కనిపించాయి. "అయ్యో వదినా" అన్న మాట గొంతు దాకా వచ్చింది. కానీ గుడ్డ సగమే ఊడింది. మిగతా సగం కాలిని కరుచుకునే ఉంది.

"మండింది కాబట్టేగా పదిమందిలో నన్ను అవమానించావు" అంది.

"అవమానమా? ఉన్నమాట చెప్పాను. నీ కథకి అప్పుడూ పొట్ట లేదు, ఇప్పుడూ లేదు!"

గుడ్డ ట్రేలో పడింది. వరండాలో అన్నయ్య లేచి నిలబడి, ఎటు పోవాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. ఆ ఇంటికి గడియలు పెట్టించవలసినవాడు తనే అని ఆయనకి అప్పుడే తట్టిందో ఏమో, ఇంటికెళ్ళేటప్పుడు ఎన్నడూ లేనిది భార్య చెప్పుల్ని సంచిలో తనే సర్దాడు.

పుండు ఎరుపెక్కింది. జిగురు పోయి, అంచున పలచటి గులాబీ రంగు చర్మం పాకడం మొదలైంది. డాక్టరు మొదటిసారి నవ్వు మొహం పెట్టాడు.

సంచి అడుగున అట్ట ఊడిపోయి, దారంతో కట్టిన చిన్న పుస్తకం ఒకటి మిగిలింది. కట్లక్క దాన్ని కూడా తిట్టడానికే తెరిచింది. మధ్యలో ఒక పేజీలో ఇలా ఉంది. కథ చెప్పడం బాగా వచ్చినవాడికి ఒక చెడ్డ అలవాటు అబ్బుతుంది, ఎదుటివాడు నోరు తెరవకముందే వాడి చెవి నింపేస్తాడు, వాడు ఏం చెప్పబోయాడో ఎన్నడూ వినడు. "నీకేం తెలుసోయ్!" అని కట్లక్క పుస్తకాన్ని మంచం మీదకి విసిరేసింది. దీపం పెట్టుకుని దేవుడి ముందు కూర్చున్నా మనసు కుదురుకోలేదు. రెండు చేతులూ కాలి వచ్చిన ఒక వంటమనిషి గుర్తుకొచ్చాడు. "అక్కా, ఆ రోజు ఏమైందంటే" అని అతను మొదలుపెట్టినప్పుడల్లా, "అవన్నీ తలుచుకోకు నాయనా, కథ విను" అని ఆమె దొంగను దించేది. పుండ్లు మాని వెళ్ళిపోయేదాకా అతను ఆ మాట పూర్తిచెయ్యలేదు. ఆమె లేచి పుస్తకం తెచ్చుకుంది. మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివింది. దారం మళ్ళీ కట్టబోయి, విప్పి, ఇంకోసారి చదివింది.

ఇంతమందిని తిట్టాక ఒకడు దొరికాడు. ఆ సంతోషం పట్టలేక ఆమె చేసిన పొరపాటు ఒక్కటే. మర్నాడు నిజం చెప్పింది.

"వదినా, ఆ చిన్న పుస్తకం చదివాను."

వదిన భుజాలు బిగించి సిద్ధమైంది. "ఊఁ. కానివ్వు. దానికేం వంక పెట్టావు?"

"వంకేం లేదు. బాగుంది. చెంప మీద కొట్టి, నువ్వు చేస్తున్నదేమిటో చూసుకోమన్నట్టుంది."

వదిన మొహం మారిపోయింది. బిగించిన భుజాలు దిగాయి. గొంతు కూడా ఎన్నడూ వినని గొంతైంది. "నిజంగానా? నేను దాన్ని ఎన్నిసార్లు చదివానో... తరగతుల్లో ఎవరికిచ్చినా ఒక్కరికీ పట్టలేదు. నీకా... నీకు పట్టిందా?" అంటూ ముందుకి వంగి, ఆడపడుచు భుజం మీద చెయ్యి వెయ్యబోయింది.

మనసు అంత మెత్తబడ్డాక నొప్పికి అడ్డేముంటుంది? అప్పుడే లోపలి పొర కదిలింది. వదిన కెవ్వున అరిచి కాలు విదిలించింది. పట్టకారు కొస కొత్త చర్మంలో దిగింది. అన్నాళ్ళు పాకిన ఆ గులాబీ అంచు చిరిగి, నెత్తురు బల్ల మీదకి కారింది. అరుపు విని డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. పుండు చూసి కట్లక్కని అందరి ముందూ చడామడా దులిపాడు. "ఇంకోసారి ఇలాగైతే ఆపరేషన్ తప్పదు. చేస్తే ఆ గుండె ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు" అన్నాడు.

మర్నాడు వదిన కుంటుతూ వచ్చింది. మొహం పాలిపోయింది. అయినా కట్లక్కని చూడగానే కళ్ళలో చిన్న వెలుగు కనిపించింది. బల్ల మీద కూర్చుని, "నిన్న మాట మధ్యలో ఆగిపోయింది. ఆ పుస్తకంలో చివరి పేజీ ఉంది చూశావా..." అంది, చాన్నాళ్ళకి కలిసిన స్నేహితురాలితో అన్నట్టు.

కట్లక్క కళ్ళెత్తలేదు. సెలైన్ సీసా మూత తిప్పుతూ, "నిన్న మొహమాటానికన్నాను వదినా" అంది.

"ఏమిటీ?"

"బాగుందని. అందులో ఏముంది? వినమంటాడు, ఆగమంటాడు, నోరు మూసుకోమంటాడు. అంత వినేవాడైతే పుస్తకం రాయడమెందుకు, ఏ గోడ పక్కనో చెవి పెట్టుకుని కూర్చోలేకపోయాడా? మిగతావాళ్ళు మేస్త్రీలైనా నయం. వీడు వట్టి సుద్దులవాడు. అట్ట ఊడిపోయిందంటే ఊడదూ? దానిక్కూడా సిగ్గేసి ఉంటుంది."

వదిన వేలు చూపించింది. "ఆ పుస్తకం జోలికి రాకు."

"ఎందుకు రాకూడదు? నీ తరగతుల్లో ఒక్కరికీ పట్టలేదని నువ్వే అన్నావు. అంతమందికీ బుద్ధి లేదా?"

"లేదు! వాళ్ళకీ లేదు, నీకూ లేదు! నిన్న ఒక్క క్షణం నువ్వు మనిషివేననుకున్నాను చూడు, నన్ను నేను తిట్టుకోవాలి. మా ఆయన తెచ్చివ్వడం తప్పు. నీ చేతిలో పెట్టవలసిన పుస్తకమా అది? ఆ పుస్తకంలో ఒక్క వాక్యానికి తూగదు నువ్వు ఇన్నేళ్ళు వాగిన వాగుడు!" ఆవిడ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. గొంతు మాత్రం తగ్గలేదు. ఒక్కొక్క పేజీ చెబుతూ, అది ఎందుకు గొప్పదో అరిచి చెబుతూ, కట్లక్క ఎందుకు మూర్ఖురాలో ఇంకా గట్టిగా అరిచి చెబుతూ పోయింది. ప్రతి మాటకీ కట్లక్క లోపల ఔననుకుంటూ, పైకి పెదవి విరుస్తూ, పొరను పువ్వు రేకు తీసినట్టు తీసింది.

వదిన వెళ్ళిపోయాక కట్లక్క తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది. "నచ్చినదాన్ని నచ్చలేదన్నాను. ఏడిపించాను" అని దేవుడికి చెప్పుకుంది. "ఈ పాపం నా పేరునే ఉండనివ్వు. కాలు మాత్రం మాననివ్వు." వరండాలో వదిన, "మీ చెల్లెలు మారదండీ, చచ్చినా మారదు" అనడం వినిపించింది.

అలా చిన్న పుస్తకం రోజూ తిట్లు తింది. చిరిగిన చోట మళ్ళీ చర్మం పాకింది. ఇంక కొంచెమే మిగిలింది. అంతలో కట్లక్క కన్ను అడ్డం తిరిగింది. కట్టు కడుతుంటే లారీ డ్రైవరు వంగి, "అక్కా, దారప్పోగు పుండులో ఉండిపోయింది" అని నెమ్మదిగా, పక్కవాళ్ళకి వినిపించకుండా చెప్పాడు. ఆమెకి అది కనిపించనే లేదు. అదే పోగు వదిన పుండులో మిగిలిపోతే? ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికెళ్ళింది. శుక్లం ముదిరింది, వెంటనే తీయించాలి, తరవాత కొన్నాళ్ళు వంగకూడదు, చదవకూడదు, పుండ్ల దగ్గరికి పోకూడదు అన్నాడాయన.

తన బదులు ఆ గదిలోకి వచ్చేది కాంపౌండరు. నడివయసు మనిషి. చెయ్యి మహా తేలిక. ఎవరేమన్నా ఔననడమే తప్ప ఎదురు చెప్పడం పుట్టుకతోనే రాదు. ఇద్దరు పోట్లాడుకుంటుంటే ఇద్దరితోనూ ఔనంటాడు. అందుకని ఆస్పత్రిలో అతని పేరు అవునండిగారు.

సామాన్ల గదిలో అతను గుడ్డ ముక్కలు మడతపెడుతుంటే కట్లక్క వెళ్ళి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"తమ్ముడూ, రేపట్నుంచి మా వదిన కట్టు నీదే."

"అవునక్కా."

"కడగడం నీకు నేను నేర్పక్కర్లేదు. నీ చెయ్యి నా చెయ్యికంటే నయం."

"అవునక్కా" అని నాలుక కరుచుకున్నాడు.

"చెయ్యితో బెంగ లేదు. నీ నోటితోనే. ఆవిడ పుస్తకాల మాటెత్తుతుంది. నువ్వు ఒప్పుకోకూడదు."

"అవునక్కా, ఒప్పుకోను."

"అదిగో, ఆ అవునే వద్దంటున్నాను. ఆవిడ ఏది బాగుందంటే అది బాగాలేదనాలి. గట్టిగా అనాలి. ఏదీ, ఒకసారి 'కాదండి' అను."

అతను గుడ్డ ముక్క పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, అటూ ఇటూ చూశాడు. "కా... కాదండి. అక్కా, అంత పెద్దావిడని అలా అంటే బాధపడరూ?"

"బాధపడుతుంది. నిన్ను మూర్ఖుడంటుంది, చదువులేనివాడంటుంది. పడాలి. లోపలి పొర ట్రేలో పడేదాకా పడాలి."

"నేను ఆ పుస్తకాలేవీ చదవలేదు కదక్కా. ఏమని తిట్టను?"

"చదవకుండానే తిట్టు. చిన్నది ఒకటుంది, దారం కట్టి ఉంటుంది. దాన్ని అసలు తెరవనే తెరవకు. చదివితే తిట్టలేవు."

అతను ఆమె మొహంలోకి చూశాడు. "మీకు నచ్చిందా అక్కా అది?"

కట్లక్క కొంగుతో కన్ను ఒత్తుకుంది. శుక్లం వల్ల ఆ కన్ను ఎప్పుడూ చెమరుస్తూనే ఉంటుంది. "ఆ సంగతి ఆవిడకి తెలియనివ్వకు. కాలు మానాక నేనే వెళ్ళి చెప్పుకుంటాను. అప్పుడు తలుపు మొహాన వేస్తే వేసుకోనీ. నాకోసం ఈ ఒక్క సాయం చెయ్యి, తమ్ముడూ. నేను కంటికట్టు విప్పించుకుని తిరిగొచ్చేదాకా ఆవిడ కోపం చల్లారనివ్వకు."